ఎంజైములూ ప్రొటీన్లే అయితే రిపోర్టులో గ్రాములు ఎందుకు రాయరు? మధ్యలో ఈ జింకు, విటమిన్లు ఏమిటి?

అర్థంకాలేదు:

అందరికీ నమస్కారం. చిన్న ప్రశ్నే అనుకున్నాను, వెతికేకొద్దీ పెద్దదైపోయింది.

నాన్నగారి రక్తపరీక్ష రిపోర్టులో ఆల్బుమిన్ పక్కన గ్రాములు అని ఉంది. ఆ కిందే ఎస్‌జీపీటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పక్కన మాత్రం యూనిట్లు. ఆల్బుమిన్ ప్రొటీను, మిగతా రెండూ ఎంజైములు. ఎంజైములన్నీ ప్రొటీన్లే అని కదా మనం బడిలో బట్టీపట్టింది! అన్నీ ప్రొటీన్లే అయినప్పుడు ఒకదానికి గ్రాములు, ఇంకోదానికి యూనిట్లు ఏమిటి?

ఇది చాలదన్నట్టు డాక్టరుగారు రాసిన మాత్రల అట్ట వెనక బీ6, జింకు ఉన్నాయి. ఎందుకా అని చదివితే "ఎంజైములు పనిచేయడానికి అవసరం" అట. విటమిను ప్రొటీను కాదు, జింకు అసలే కాదు. మరి ప్రొటీనులో వీటికేం పని? అసలు మన ఒంట్లో ఎంజైములు దేంతో తయారవుతాయి? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. నేను చదివింది కామర్సు.

ఒక్కముక్క:

ప్రొటీన్లే. 20 రకాల అమైనో ఆమ్లాల గొలుసు. విటమిన్లు, లోహాలు సహాయకులు. అంతకంటే ఏమీ లేదు, ఎక్కువ ఆలోచించకండి.

సీరం గది:

ఒక్కముక్క గారూ, మీ పేరుకు తగ్గట్టే చెప్పారు. కానీ అడిగినాయన ప్రశ్న అక్కడితో తీరేది కాదు. నేను ఆస్పత్రి లాబులో బయోకెమిస్ట్రీ వైపు పనిచేస్తాను, ఈ యూనిట్లతోనే నాకు రోజూ తెల్లారుతుంది. అందుకని కొంచెం ఓపిగ్గా రాస్తాను.

ముందు మీ గ్రాముల సంగతి. ఆల్బుమిన్ రక్తంలో దండిగా ఉంటుంది, డెసీలీటరుకి మూడున్నర నుంచి అయిదు గ్రాములు. ఒక రంగు కలిపితే అది ఆల్బుమిన్‌కి అతుక్కుంటుంది, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి ఎంతుందో చెప్పేస్తాం. ఎస్‌జీపీటీ అలా కాదు. అది ఉండాల్సిన చోటు కాలేయ కణాల లోపల. అక్కడినుంచి రక్తంలోకి జారిపడేది గ్రాముల్లో చెప్పలేనంత కొంచెం. కాబట్టి అది ఎంతుందని చూడం, ఎంత పని చేస్తోందో చూస్తాం. నిమిషానికి ఒక మైక్రోమోలు (అణువుల లెక్కకి ఒక చిన్న కొలత) పదార్థాన్ని మార్చగలిగితే అది ఒక యూనిట్. మెషీనులో 37 డిగ్రీల దగ్గర సీరంలో (రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవం) రీజెంటు, అంటే పరీక్ష ద్రావణం, కలుస్తుంది. ఎస్‌జీపీటీ అలనైన్ అనే అమైనో ఆమ్లాన్ని పైరువేట్‌గా మారుస్తుంది. రీజెంటులోనే ఉన్న ఇంకో ఎంజైము ఆ పైరువేట్‌ని లాక్టేట్ చేస్తూ ఎన్‌ఏడీహెచ్ అనే పదార్థాన్ని ఖర్చుపెడుతుంది. ఎన్‌ఏడీహెచ్ 340 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటుంది. అది తరిగేకొద్దీ మెషీను గీసే గీత కిందికి దిగుతుంది. ఆ గీత వాలే మీ రిపోర్టులో అంకె. అంటే మీరు చూసింది ఎంజైము బరువు కాదు, దాని పనితనం.

ఇక దేంతో తయారవుతాయంటారా. అసలు కట్టడం ప్రొటీనే, అందులో అనుమానం లేదు. ఎస్‌జీపీటీ ఒక్కో గొలుసులో దాదాపు 500 అమైనో ఆమ్లాలుంటాయి, అలాంటి గొలుసులు రెండు జతకడతాయి. విడదీస్తే కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, కొంచెం గంధకం. ఆల్బుమిన్‌ని విడదీసినా ఇవే వస్తాయి. మరి ఆల్బుమిన్ ఎందుకు ఎస్‌జీపీటీ పని చేయలేదు? తేడా సరుకులో లేదు, సరుకు పేర్చిన వరసలో ఉంది. ఆ వరసని బట్టి గొలుసు తనంతట తాను ముడుచుకునే తీరులో ఉంది.

కైమోట్రిప్సిన్ అని పేగులో ప్రొటీన్లని కోసే ఎంజైము ఉంది. దాని గొలుసులో 57వ చోట హిస్టిడిన్, 102వ చోట ఆస్పార్టిక్ ఆమ్లం, 195వ చోట సెరీన్ ఉంటాయి. గొలుసుని సాగదీసి పరిస్తే ఈ మూడూ ఎక్కడెక్కడో ఉంటాయి. ముడుచుకున్నాక పక్కపక్కకి వచ్చి కూర్చుంటాయి. కోసే పని జరిగేది ఆ మూడూ కలిసిన చోటే. మిగతా వందల అమైనో ఆమ్లాల పని ఈ మూడింటినీ కదలకుండా ఆ కోణంలో పట్టుకోవడం, కోయాల్సిన పదార్థం సరిగ్గా వచ్చి కూర్చునే గుంట ఏర్పరచడం. నన్నడిగితే పాఠ్యపుస్తకాలు "ప్రొటీన్" అని ఒక్క మాటలో తేల్చేసి ఈ ముడత గురించి చెప్పకపోవడం అన్యాయం. వేడి తగిలితే అమైనో ఆమ్లాల్లో ఒక్కటి కూడా రాలిపోదు, ముడత విప్పుకుంటుంది అంతే. ఎంజైము పని అయిపోతుంది.

కైమోట్రిప్సిన్, పెప్సిన్, కన్నీళ్లలో ఉండే లైసోజైమ్ లాంటివి అమైనో ఆమ్లాలతోనే పని కానిచ్చేస్తాయి. కానీ చాలా ఎంజైములకి అది చాలదు. అమైనో ఆమ్లాలు కొన్ని పనుల్లో చేతకానివి. అక్కడే మీ బీ6, జింకు వస్తాయి.

ఎస్‌జీపీటీ చేసేది ఏమిటంటే, అలనైన్ దగ్గరున్న అమైనో గుంపుని (నైట్రోజన్ ఉన్న చిన్న ముక్కని) ఊడదీసి ఇంకో పదార్థానికి తగిలించడం. ఊడదీశాక, తగిలించేలోపు దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా. పెట్టుకునేది బీ6 నుంచి తయారైన పైరిడాక్సాల్ ఫాస్ఫేట్ మీద. అది ఆ ఎంజైములోనే ఒక లైసీన్‌కి అతుక్కుని ఉంటుంది. బీ6 లేని ఎస్‌జీపీటీ ఉత్త గొలుసు. రీజెంటులో పైరిడాక్సాల్ ఫాస్ఫేట్ కలిపినది, కలపనిది రెండు రకాలూ వస్తాయి. బీ6 బాగా తగ్గినవాళ్ల సీరంలో కలపని రీజెంటుతో చేస్తే అంకె తక్కువొస్తుంది, కలిపినదానితో చేస్తే పెరుగుతుంది. సీరం అదే, ప్రొటీన్ అంతే ఉంది.

జింకు గురించి ఇంకా బాగా తెలియాలంటే లాబులో జరిగే ఒక తప్పు చెప్పాలి. రక్తకణాలు లెక్కపెట్టడానికి ఊదా రంగు మూత ట్యూబులో రక్తం తీస్తారు. అందులో ఈడీటీఏ ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. బయోకెమిస్ట్రీకి వేరే ట్యూబు. రక్తం చాలలేదనో, హడావిడిలోనో కొందరు ఊదా ట్యూబులోది కొంచెం మా ట్యూబులో ఒంపేస్తారు. పైకి ఏమీ తెలియదు. మెషీను మాత్రం పొటాషియం ఆకాశాన్ని, కాల్షియం పాతాళాన్ని చూపిస్తుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ దాదాపు సున్నాకి పడిపోతుంది. పొటాషియం ఎందుకంటే ట్యూబులో వేసేది ఈడీటీఏ పొటాషియం ఉప్పు. ఫాస్ఫటేజ్ ఎందుకు పడిందంటారా, అది పనిచేసే చోట రెండు జింకు, ఒక మెగ్నీషియం ఉంటాయి. ఈడీటీఏ వాటిని పీకేస్తుంది. గొలుసు తెగలేదు, ప్రొటీన్ ఎక్కడికీ పోలేదు. కూలీ ఉన్నాడు, చేతిలో పార లేదు. ఈ మూడు అంకెలూ ఒకే కాగితం మీద కనిపిస్తే నేను రిపోర్టు ఆపి మళ్లీ రక్తం తీయమని వార్డుకి ఫోన్ చేస్తాను. ఆ ఫోన్ ఎత్తినవాళ్లు నన్ను తిట్టుకుంటారని తెలుసు.

బరువు చూస్తే ఈ లోహం ఎంతో ఉండదు. ఎర్ర రక్తకణాల్లో కార్బానిక్ అన్‌హైడ్రేజ్ ఉంటుంది, కార్బన్ డై ఆక్సైడుని నీటితో కలిపి బైకార్బనేట్ చేసేది. 260 అమైనో ఆమ్లాలు, వాటిలో మూడు హిస్టిడిన్లు పట్టుకున్న ఒకే ఒక్క జింకు పరమాణువు. మొత్తం బరువులో వెయ్యికి రెండు పాళ్లు. ఆ ఒక్క జింకుతో సెకనుకి దాదాపు పదిలక్షల అణువుల్ని మారుస్తుంది.

పాత మాస్టారు:

సీరం గది అమ్మాయి చక్కగా చెప్పింది. నేను కళాశాలలో జీవరసాయనం చెప్పి రిటైరయినవాణ్ణి. చరిత్ర కొంచెం కలుపుతాను, ఎందుకంటే ఈయన అడిగిన ప్రశ్న మీద ఒకప్పుడు మహామహులే కొట్టుకున్నారు.

1920ల్లో ఎంజైములు ప్రొటీన్లు కావని గట్టిగా వాదించినవాడు రిచర్డ్ విల్‌స్టాటర్. ఆషామాషీ మనిషి కాదు, పత్రహరితం మీద పనికి 1915లో నోబెల్ అందుకున్నాడు. ఎంజైము అంటే ఏదో చిన్న చురుకైన పదార్థం, ప్రొటీను దాన్ని మోసే వాహకం మాత్రమే అని ఆయన మాట. 1926లో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ సమ్నర్ ఒక రకం చిక్కుడు గింజల నుంచి యూరియేజ్ అనే ఎంజైముని స్ఫటికాలుగా తీసి, ఇది ప్రొటీనే అని చూపించాడు. కుర్రతనంలో వేట ప్రమాదంలో ఎడమచెయ్యి పోగొట్టుకున్న మనిషి. చాలామంది నమ్మలేదు. 1930లో జాన్ నార్త్రప్ పెప్సిన్‌ని కూడా స్ఫటికాలుగా తీశాక గాలి మారింది. 1946లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. వైరస్ ప్రొటీన్ల మీద పనిచేసిన వెండెల్ స్టాన్లీ మూడోవాడు.

అసలు తమాషా తర్వాత ఉంది. ఎంజైము ప్రొటీనే అని నిరూపించిన ఆ మొదటి యూరియేజ్‌లోనే నికెల్ ఉందని 1975లో బయటపడింది. నికెల్ లేకపోతే అది పనిచేయదు. సమ్నర్ అప్పటికి పోయి ఇరవై ఏళ్లు. విల్‌స్టాటర్ ఓడిపోయాడు, న్యాయంగానే ఓడిపోయాడు. అయినా ప్రొటీను ఒక్కటే చాలదేమో అన్న ఆయన అనుమానంలో పిసరంత నిజం ఉందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. అన్నట్టు యూరియేజ్ మన ఒంటిది కాదు, మన జన్యువుల్లో అది లేదు. మన కడుపులో కనిపిస్తే అది పుండ్లు పెట్టే హెలికోబాక్టర్ బాక్టీరియాది.

ఇంకొకటి. "ఎంజైములన్నీ ప్రొటీన్లే" అన్న వాక్యంలో "అన్నీ" తీసేయండి. 1982లో థామస్ చెక్ టెట్రాహైమెనా అనే ఏకకణ జీవిలో డీఎన్‌ఏకి దగ్గరి చుట్టమైన ఒక ఆర్‌ఎన్‌ఏ తనను తానే కత్తిరించుకుని అతికించుకోవడం చూశాడు, ప్రొటీను సాయం లేకుండా. సిడ్నీ ఆల్ట్‌మన్ వేరే దారిలో ఇలాంటిదే కనిపెట్టాడు. 1989లో ఇద్దరికీ నోబెల్. ఇదేదో నీటి పురుగుల గొడవ, మనకేం సంబంధం అనుకోకండి. మన ప్రతి కణంలోనూ రైబోజోములుంటాయి. అమైనో ఆమ్లాన్ని అమైనో ఆమ్లానికి కలిపి గొలుసు కట్టేది అవే. ఆ కలిపే చోట ఉన్నది ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీను కాదు. ఈ సంగతి 2000లో నిర్మాణం బయటపడ్డాక తేలింది. అంటే మన ఒంట్లో ప్రొటీన్ ఎంజైములన్నిటినీ తయారుచేసే ఎంజైము ప్రొటీను కాదన్నమాట. తరగతిలో ఈ ముక్క చెప్పినప్పుడు వెనక బెంచీల్లో కూడా తలలు పైకి లేచేవి.

అర్థంకాలేదు:

సీరం గది మేడమ్, మాస్టారూ, ఇద్దరికీ దణ్ణం. ఆ ఊదా ట్యూబు దెబ్బకి జింకు సంగతి బుర్రకెక్కింది. నాన్నగారి కాగితం తీసి చూశాను, పొటాషియం, కాల్షియం మామూలుగానే ఉన్నాయి.

ఇంకో రెండు అనుమానాలు. ఎంజైములకి జింకు, బీ6 అంత ముఖ్యమైతే రోజూ ఎక్కువెక్కువ వేసుకుంటే ఎంజైములు ఇంకా బాగా పనిచేస్తాయా? రెండోది, మా బావగారు "ఎంజైమ్ పౌడర్" అని ఒక డబ్బా తెప్పించారు. వయసు పెరిగితే ఒంట్లో ఎంజైములు తరిగిపోతాయట, ఇది తాగితే రక్తంలో చేరి భర్తీ అవుతాయట. నిజమేనా?

ఒక్కముక్క:

డబ్బా అమ్మినవాడి రక్తంలో డబ్బులు చేరతాయి.

సీరం గది:

ఒక్కముక్క గారూ, ఈసారి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నా.

జింకు ఎక్కువ వేసుకోవడం గురించి. ఒక్కో కార్బానిక్ అన్‌హైడ్రేజ్‌లో జింకుకి ఉన్నది ఒక్కటే చోటు. అది నిండితే రెండోదానికి కుర్చీ లేదు. లోపం ఉన్నవాళ్లకి ఇస్తే పని పుంజుకుంటుంది, చాలినంత ఉన్నవాళ్లకి ఒరిగేదేం లేదు. పైగా నష్టం కూడా ఉంది. జింకు చాలాకాలం మోతాదు మించితే పేగులో రాగి ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది, రాగి మీద ఆధారపడే ఎంజైములు కుంటుపడతాయి. బీ6 కూడా నెలల తరబడి పెద్ద మోతాదులో వాడితే నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. డాక్టరుగారు రాసిన మోతాదు, రాసినన్నాళ్లే వాడండి.

అన్ని విటమిన్లకీ ఒకే రకం గిరాకీ ఉండదు, అది కూడా గమనించండి. బీ6 వందకి పైగా ఎంజైముల్లో పనిచేస్తుంది. బీ12 అయితే మనిషి ఒంట్లో రెండే రెండు ఎంజైములకి కావాలి. ఆ రెండూ ఆగితేనే రక్తహీనత, నరాల జబ్బు వస్తాయి. సెలీనియం తీరు ఇంకా వేరు. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములో అది బయటినుంచి వచ్చి కూర్చోదు. గంధకం ఉండాల్సిన చోట సెలీనియం ఉన్న ప్రత్యేకమైన అమైనో ఆమ్లంగా, అంటే 21వదిగా, గొలుసులోనే అల్లుకుపోతుంది.

ఇక పౌడరు. ఎంజైము ప్రొటీను అని ఇంతసేపూ చెప్పుకున్నాం కదా. ప్రొటీను కడుపులో పడితే ఏమవుతుంది? ఆమ్లానికి ముడత విప్పుకుంటుంది, పెప్సిన్ ముక్కలు చేస్తుంది, పేగులో ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ ఇంకా చిన్నవి చేస్తాయి. చివరికి ఒంటికి పట్టేది అమైనో ఆమ్లాలు, రెండు మూడు అమైనో ఆమ్లాల ముక్కలు. ఏ ప్రొటీను తిన్నా వచ్చేవి అవే. ఆ అమైనో ఆమ్లాలతో ఏ ఎంజైము కట్టాలో మీ జన్యువులు నిర్ణయిస్తాయి, డబ్బా మీది బొమ్మ కాదు.

అలాగని మింగే ఎంజైములన్నీ మోసం అనను. క్లోమం పాడైనవాళ్లకి డాక్టర్లు పాంక్రియాటిన్ అనే జీర్ణ ఎంజైముల గుళికలు ఇస్తారు. వాటి గింజలకి కడుపులోని ఆమ్లానికి కరగని పూత ఉంటుంది. కడుపు దాటి పేగులోకి వెళ్లాక పూత కరుగుతుంది, అక్కడే కొవ్వునీ పిండిపదార్థాన్నీ అరిగిస్తాయి. రక్తంలోకి వెళ్లవు, వెళ్లాల్సిన పనీ లేదు. ఆ గుళికల సీసా మీద కూడా గ్రాములుండవు, లైపేజ్ (కొవ్వుని అరిగించే ఎంజైము) ఇన్ని వేల యూనిట్లు అని ఉంటుంది. పాలు పడనివాళ్లు వాడే లాక్టేజ్ మాత్రలూ పేగులో పనిచేసేవే. నిజంగా రక్తంలో పనిచేయాల్సిన ఎంజైము అయితే సూదితో ఎక్కించాల్సిందే. గుండెపోటు, పక్షవాతం వచ్చినప్పుడు గడ్డ కరిగించడానికి ఇచ్చే ఆల్టెప్లేస్ అలాంటిది. మన ఒంట్లోనే తయారయ్యే ఎంజైముని 527 అమైనో ఆమ్లాల గొలుసుగా బయట తయారుచేసి నరంలోకి ఎక్కిస్తారు.

కొత్తమ్మ:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా చెల్లెలి బాబుకి పుట్టిన మర్నాడు మడమ దగ్గర గుచ్చి రక్తం తీశారు. ఫలితం బాగానే వచ్చింది. ఎంజైము లోపాలకి పరీక్ష అన్నారు. మరి గొలుసులో ఒక్క అమైనో ఆమ్లం తప్పు పడితే ఎంజైము మొత్తం పోతుందా?

పాత మాస్టారు:

ఒక్కోసారి పోతుందమ్మా. ఎక్కడ తప్పింది, ఏది బదులొచ్చింది అన్నదాన్ని బట్టి. బదులుగా తనలాంటిదే వస్తే ఎంజైము పట్టించుకోదు.

మడమ రక్తంలో చూసేవాటిలో పీకేయూ అనే పుట్టుజబ్బు ఒకటి. ఫెనిలలనైన్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చే ఫెనిలలనైన్ హైడ్రాక్సిలేజ్ అని కాలేయంలో ఎంజైము. 452 అమైనో ఆమ్లాల గొలుసులు నాలుగు కలిసి ఉంటాయి. లోపల ఇనుము, దానికి తోడు బీహెచ్4 అనే సహాయకం. ఇది విటమిను కాదు, ఒళ్లే తయారుచేసుకుంటుంది. ఈ జబ్బులో తరచూ కనిపించే ఒక మార్పు 408వ చోట. అక్కడ ఆర్జినిన్ ఉండాలి, ట్రిప్టోఫాన్ వస్తుంది. గొలుసు సరిగా ముడుచుకోదు. సరిగా ముడవని ప్రొటీన్లని కణం ఉంచుకోదు, ముక్కలు చేసి పారేస్తుంది. దాంతో ఫెనిలలనైన్ రక్తంలో పేరుకుని పసివాళ్ల మెదడుని దెబ్బతీస్తుంది. పుట్టగానే పట్టుకుంటే ఫెనిలలనైన్ తక్కువుండే ఆహారంతో కాపాడవచ్చు, అందుకే అంత తొందరగా పరీక్ష.

సహాయకాలు ఎక్కువ ఇస్తే ఎంజైము బాగా పనిచేస్తుందా అన్న ఇందాకటి ప్రశ్నకి కూడా ఇందులో జవాబుంది. కొన్ని రకాల మార్పుల్లో ఎంజైము ముడత వదులుగా ఉంటుంది గాని పూర్తిగా పోదు. వాళ్లకి బీహెచ్4ని మందుగా ఇస్తే అది లోపల కూర్చుని ముడతని నిలబెడుతుంది, ఎంజైము కొంత పనిచేస్తుంది. 408 మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చినవాళ్లకి ఇది సాధారణంగా పనిచేయదు, నిలబెట్టడానికి అక్కడ ముడతంటూ మిగలదు గనక. ఆహారంతోనూ మందుతోనూ అదుపులోకి రాని పెద్దవాళ్ల కోసం 2018లో అమెరికాలో ఇంకో మందుకి అనుమతి వచ్చింది. అదీ ఎంజైమే, కానీ మనిషిది కాదు, ఒక నీలి ఆకుపచ్చ బాక్టీరియాది. ఫెనిలలనైన్‌ని వేరే దారిలో విరగ్గొడుతుంది. పరాయి ప్రొటీను కాబట్టి ఒళ్లు ఎదురు తిరగకుండా దాని చుట్టూ పాలిమర్ తొడుగు వేసి, చర్మం కింద సూదితో ఇస్తారు. అయినా కొందరిలో తీవ్రమైన అలర్జీ వస్తుంది. అందుకే మొదటి సూది డాక్టరు కళ్లెదుటే వేయించుకోవాలి.